చర్చి వాళ్ళ యూనివర్సిటీ అని భయపడకండి, చిన్నదన్న సంగతి మాత్రం ఆలోచించండి

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను తెనాలిలో బ్యాంకు ఉద్యోగిని. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ. చిన్నప్పటి నుంచి రాళ్ళు, కొండలు, అడవులంటే పిచ్చి. ఇంగ్లీషు కథలు కూడా బాగా రాస్తుంది. అమెరికాలో బ్యాచిలర్స్‌కి అప్లై చేసింది. టెనెసీ రాష్ట్రంలో ‘యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్’ అనే దాని నుంచి సగానికి పైగా స్కాలర్‌షిప్‌తో అడ్మిషన్ వచ్చింది. టెక్సస్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్ సీటు కూడా వచ్చింది, మా బావమరిది వాళ్ళు అక్కడే ఉంటారు. అమ్మాయి టెనెసీ అంటోంది. వాకబు చేస్తే అది చర్చి వాళ్ళదని తెలిసింది. మేం హిందువులం. బైబిలు చదివిస్తారేమోనని వాళ్ళ నాయనమ్మ బెంగ. మొత్తం కలిపి 1,700 మంది విద్యార్థులేనట. ఇక్కడ ఒక్కరు కూడా ఆ పేరు వినలేదు. అసలు అది నిజమైన యూనివర్సిటీయేనా? పంపమంటారా?

జవాబు:

నమస్కారమండీ. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో నాకు రెండు భయాలు కనబడ్డాయి. ఒకటి చర్చి, రెండోది ఎవరూ వినని చిన్న చోటు కావడం. మొదటిదాన్ని ఈ జవాబులోనే తీర్చేయగలను. రెండోది తీర్చాలని లేదు. ఎందుకంటే అందులో కొంత న్యాయం ఉంది, మీరూ అమ్మాయీ కూర్చుని తేల్చుకోవలసింది దాన్నే.

ముందు మీ ఆఖరి ప్రశ్న. నిజమైన యూనివర్సిటీయే, 160 ఏళ్ళు దాటినది. అమెరికాలో దాన్ని అందరూ ఊరి పేరుతో ‘సువానీ’ అంటారు. నాష్‌విల్, చట్టనూగా నగరాల మధ్య కంబర్లాండ్ పీఠభూమి మీద ఉంటుంది. యూనివర్సిటీ భూమి 13,000 ఎకరాలు. మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి 2,300 ఎకరాలంటేనే మనం ఎంతో గొప్పగా చెప్పుకుంటాం. సువానీకి దానికి అయిదింతలకు పైన ఉంది, అందులో ఎక్కువ భాగం అడవి, రాతి చరియలు, గుహలు. ఆ భూమినంతా వాళ్ళు ‘డొమైన్’ అంటారు. ఊరు కూడా అందులోనే. ఇళ్ళు కట్టుకున్న వాళ్ళకు నేల సొంతం కాదు, యూనివర్సిటీ దగ్గర లీజు. రాళ్ళంటే పిచ్చి ఉన్న పిల్లకు ఈ పేరు ఎవరో చెప్పి ఉండరు, తనే వెతికి పట్టుకుని ఉంటుంది.

ఇక చర్చి సంగతి. సువానీ ఎపిస్కోపల్ చర్చిది. అంటే ఇంగ్లండు ఆంగ్లికన్ చర్చికి అమెరికా శాఖ. మన సీఎస్ఐ చర్చిలో 1947లో కలిసిన ఆంగ్లికన్లకు వీళ్ళు దాయాదుల లెక్క. అదే ఆంగ్లికన్ సంప్రదాయం నుంచి వచ్చిన రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో బడి పెట్టారు. నోబుల్ కాలేజీకి మూలం అదే. మీ పక్కనే ఉన్న గుంటూరు ఏసీ కాలేజీ 1885 నుంచి లూథరన్లది, విజయవాడ లయోలా 1953 నుంచి జెసూట్ ఫాదర్లది. మీ బ్రాంచిలోనే ఈ కాలేజీల్లో చదివినవాళ్ళు నలుగురైనా ఉంటారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక మాట అడగండి, మతం మారమని ఎవరైనా అన్నారా అని. నాయనమ్మ గారికి నా మాటకంటే వాళ్ళ మాట బాగా ఎక్కుతుంది. అమెరికాలోనూ ఇంతే. డాలస్‌లో మనవాళ్ళు ఎస్ఎంయూ, ఎస్ఎంయూ అంటుంటారే, దాని పూర్తి పేరు సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ. అట్లాంటాలో ఎమరీ కూడా మెథడిస్టులదే.

అయితే అమెరికాలో చర్చి కాలేజీలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. కొన్నిచోట్ల చేరేటప్పుడే విశ్వాస పత్రం మీద సంతకం పెట్టాలి. కొన్నిచోట్ల వారానికి ఇన్నిసార్లు ప్రార్థనకు రావాలని హాజరు వేస్తారు. కాబట్టి ఏ చర్చి కాలేజీ అయినా సరే, సంతకం ఉందా, హాజరు ఉందా, వేరే మతం పిల్లల పండగలకు చోటు ఉందా అని రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. సువానీలో ఆ సంతకమూ లేదు, ఆ హాజరూ లేదు. ఒకప్పుడు చాపెల్‌కు, అంటే క్యాంపస్‌లోని ప్రార్థనామందిరానికి, వెళ్ళడం తప్పనిసరిగా ఉండేది, ఆ రోజులు పోయాయి.

కానీ చర్చి అక్కడ ఉత్త బోర్డుకే పరిమితం అని కూడా చెప్పను. 28 డయాసిస్‌లు, అంటే ఒక్కో బిషప్పు కింద ఉండే చర్చి ప్రాంతాలు, కలిసి ఆ యూనివర్సిటీకి యజమానులు. ఛాన్సలర్‌గా ఒక బిషప్పు ఉంటారు, రోజువారీ నడిపేది వైస్‌ఛాన్సలర్. ఈ ఏర్పాటు మనకు బాగా అలవాటైనదే, అమెరికాలో మాత్రం అరుదు. మిగతా కాలేజీల్లో ఫాల్, స్ప్రింగ్ అనే సెమిస్టర్లను వీళ్ళు చర్చి పంచాంగం ప్రకారం ఆడ్వెంట్, ఈస్టర్ అంటారు. కళాశాలతో పాటు చర్చి మతగురువులకు శిక్షణ ఇచ్చే థియాలజీ స్కూలు కూడా అక్కడే ఉంది. క్యాంపస్ నడిమధ్యన ఆల్ సెయింట్స్ చాపెల్, దాని గోపురంలో 56 గంటలు. ఆ గంటలు మీ అమ్మాయి నాలుగేళ్ళూ వింటుంది. ఇదంతా ముందే తెలిసి వెళ్తే ఇబ్బంది లేదు. తెలియకుండా వెళ్తే మొదటి నెలలో ఫోన్ చేసి ఏడుస్తుంది.

ఇప్పుడు చరిత్ర. దీన్ని దాటేయకుండా చెబుతాను, ఎందుకంటే మీరు పంపేది అమెరికా దక్షిణాదికి, పంపేది మన చామనచాయ పిల్లని.

1857 జూలై 4న చట్టనూగా పక్కన లుకౌట్ మౌంటెన్ మీద పది దక్షిణాది డయాసిస్‌ల ప్రతినిధులు సమావేశమై ఈ యూనివర్సిటీకి సంకల్పం చెప్పుకున్నారు. ముందుండి నడిపినవాళ్ళు లూసియానా బిషప్పు లియోనిడస్ పోక్, టెనెసీ బిషప్పు జేమ్స్ ఓటీ, జార్జియా బిషప్పు స్టీఫెన్ ఎలియట్. పిల్లలు ఉత్తరాదికి వెళ్ళి చదివితే బానిసత్వానికి వ్యతిరేకమైన ఆలోచనలు అంటుకొస్తాయని దక్షిణాది పెద్దలకు భయం. బానిసల చాకిరీ మీద బతికే సమాజానికి సొంత యూనివర్సిటీ ఒకటి ఉండాలన్నది ఆ సంకల్పంలో పెద్ద భాగం. పోక్ దగ్గరే వందల మంది బానిసలుండేవారు. 1860 అక్టోబరులో ఆరు టన్నుల పాలరాతితో శంకుస్థాపన చేశారు. మరుసటి ఏడే అంతర్యుద్ధం మొదలైంది. పోక్ బిషప్పు అంగీ విడిచి బానిసత్వం పక్షాన జనరల్ అయ్యారు. 1863లో ఉత్తరాది సైనికులు ఆ కొండ మీదికి వచ్చి పునాదిరాయిని పేల్చేసి, ముక్కలు గుర్తుగా పట్టుకుపోయారు. 1864లో పోక్ ఫిరంగి గుండుకు చనిపోయారు.

యుద్ధం ముగిశాక చేతిలో డబ్బు లేదు, గోడ లేదు, పునాదిరాయి కూడా లేదు. మిగిలింది అడవి. టెనెసీకి కొత్తగా వచ్చిన బిషప్పు చార్లెస్ క్వింటార్డ్ ఇంగ్లండు వెళ్ళి, అక్కడి చర్చి వాళ్ళ దగ్గర చందాలు పోగుచేసుకుని వచ్చారు. 1868 సెప్టెంబరు 18న తలుపులు తెరిచేసరికి నలుగురు ఉపాధ్యాయులు, తొమ్మిది మంది విద్యార్థులు. మీరు 1,700 తక్కువ అంటున్నారు, ఆ చోటు మొదలైంది తొమ్మిదితో. ఇంగ్లండు చలవతో లేచింది కాబట్టే ఆ భవనాల తీరు, గౌన్ల సంప్రదాయం అన్నీ ఆక్స్‌ఫర్డ్ పోలికలో ఉంటాయి. చాపెల్ పక్కనున్న బ్రెస్లిన్ టవర్‌కు ఆక్స్‌ఫర్డ్‌లో మాడ్లెన్ కాలేజీ గోపురమే నమూనా.

వాళ్ళు పెద్దదవుదామని ప్రయత్నించకపోలేదు. మెడికల్ కాలేజీ పెట్టారు, 1909లో మూసేశారు. ఆటలో కూడా అంతే. 1899లో వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు రైల్లో తిరుగుతూ ఆరు రోజుల్లో అయిదు మ్యాచ్‌లు ఆడి, అయిదూ గెలిచింది, ఎదుటి జట్లకు ఒక్క పాయింటూ ఇవ్వలేదు. ఆ తర్వాత పెద్ద పెద్ద స్టేట్ యూనివర్సిటీలతో కలిసి ఆడే లీగులో మొదటి సభ్యుల్లో ఒకటిగా ఉండి, 1940లో ఇక ఇది మన దారి కాదని తప్పుకుంది. నా దృష్టిలో సువానీ స్వభావం ఆ నిర్ణయంలోనే ఉంది. అది చిన్నగా మిగిలిపోయిన చోటు కాదు, చిన్నగా ఉండాలని నిర్ణయించుకున్న చోటు.

చేదు భాగం ఇంకా ఉంది. 1952లో నల్లజాతి విద్యార్థులను థియాలజీ స్కూల్లో చేర్చుకోవడానికి ట్రస్టీలు ఒప్పుకోలేదు. దాని మీద డీన్‌తో సహా ఆ స్కూలు అధ్యాపకుల్లో ఎక్కువమంది రాజీనామా చేశారు. ఉద్యోగాలు, కొండ మీద ఇళ్ళు, అన్నీ వదులుకుని వెళ్ళారు. మరుసటి ఏడు ట్రస్టీలు దిగివచ్చారు. ఆడపిల్లలకు కాలేజీ ప్రవేశం 1969లో గాని దొరకలేదు. 2017 నుంచి ఆ యూనివర్సిటీయే తన బానిసత్వపు మూలాల మీద ‘రాబర్సన్ ప్రాజెక్ట్’ పేరుతో పరిశోధన చేయిస్తోంది. హ్యూస్టన్ రాబర్సన్ అక్కడ శాశ్వత పదవి పొందిన మొదటి నల్లజాతి అధ్యాపకుడు. 2020లో పాలకమండలి, అంతర్యుద్ధంలో బానిసత్వం పక్షాన పోరాడిన దక్షిణాది కూటమిని తాము ఒకప్పుడు ఆరాధించడాన్ని తిరస్కరిస్తున్నామని బహిరంగంగా ప్రకటించింది. తన తప్పును తన ఖర్చుతో తవ్వి బయటపెట్టుకునే సంస్థను నేను నమ్ముతాను. అలాగని అక్కడ అంతా సర్దుకుపోయిందని కాదు. నేటికీ అక్కడ తెల్లపిల్లలే ఎక్కువ. మీ అమ్మాయి అక్కడి అంతర్జాతీయ విద్యార్థులతో మాట్లాడి, మొదటి ఏడు ఎలా గడిచిందో అడగాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఆ చోటు చిన్నది కావడానికి.

నేను చదివింది పెద్ద యూనివర్సిటీలో. క్లాసులో 120 మందిమి. మూడేళ్ళలో ఒక్క ప్రొఫెసరుకూ నా పేరు తెలియదు. పై చదువుకు సిఫారసు ఉత్తరం కావలసి వచ్చినప్పుడు ఒక సారు, ‘నువ్వే రాసుకురామ్మా, సంతకం పెడతాను’ అన్నారు. జిరాక్స్ షాపులో కూర్చుని నన్ను నేనే పొగుడుకుంటూ టైపు చేయించాను. ఆ షాపు కుర్రాడు చదివి నవ్వాడు. ఆ అవమానం నాకు ఇప్పటికీ గుర్తే. మనవాళ్ళలో ఎంతోమందికి ఇది మామూలు సంగతి, పోన్లే అని వదిలేస్తారు. కానీ ఆ ఉత్తరాలు అమెరికాలో చదివేవాళ్ళకు రెండో వాక్యానికే దొరికిపోతాయి.

సువానీ లాంటి చోట ఈ బాధ ఉండదు. పాఠం చెప్పేదీ, పేపరు దిద్దేదీ, ల్యాబులో పక్కన నిలబడేదీ ప్రొఫెసరే. వాళ్ళ ఇళ్ళు కూడా అదే కొండ మీద. చదువులో ఒక స్థాయికి చేరిన విద్యార్థులను ‘ఆర్డర్ ఆఫ్ ద గౌన్’లో చేర్చుకుంటారు, వాళ్ళు నల్ల గౌను వేసుకుని క్లాసుకు వస్తారు. కొత్త గౌను కొనుక్కోవడం కంటే సీనియర్ దగ్గర నుంచి అందుకోవడం వాళ్ళకు ముద్దు. అంచులు చిరిగి, రంగు వెలిసి, ఎన్ని చేతులు మారితే అంత గౌరవం. పరీక్షల్లో కాపీ కొట్టనని మాట ఇచ్చే హానర్ కోడ్ ఉంది. ఊరి అగ్నిమాపక దళంలో విద్యార్థులు పనిచేస్తారు, రాత్రి పిలుపు వస్తే లేచి పరుగెత్తేది పుస్తకాలు పట్టుకున్న ఆ పిల్లలే. డొమైన్ గేటు దాటి బయటికి వెళ్ళేటప్పుడు కారు పైకప్పును చేత్తో తడతారు, కాపాడే దేవదూతను వెంట తీసుకెళ్ళడానికట. మన ఇళ్ళలో శకునం చూసి, మంచినీళ్ళు తాగించి పంపడం లాంటిదే అనుకోండి. నాయనమ్మ గారికి ఇది తప్పకుండా చెప్పండి.

మీ అమ్మాయి ఇష్టాలకు సరిపోయే బలాలు కూడా ఉన్నాయి. భూగర్భశాస్త్రం, అడవుల శాస్త్రం చదివేవాళ్ళకు తలుపు తీస్తే ప్రయోగశాల. సాహిత్యానికైతే 1892 నుంచి ఆగకుండా వస్తున్న ‘సువానీ రివ్యూ’ త్రైమాసిక పత్రిక అక్కడిదే. నాటకకర్త టెనెసీ విలియమ్స్ అక్కడ థియాలజీ చదివిన తన తాతగారి జ్ఞాపకార్థం తన రచనల హక్కులు ఈ యూనివర్సిటీకి రాసిచ్చారు. ఆ డబ్బుతో రచయితలకు సదస్సులు నడుస్తున్నాయి. ఇంత చిన్న చోటు నుంచి 25 మందికి పైగా రోడ్స్ స్కాలర్లు, అంటే ఆక్స్‌ఫర్డ్‌లో చదవడానికి ఇచ్చే పేరున్న స్కాలర్‌షిప్ అందుకున్నవాళ్ళు, వెళ్ళారు. రాళ్ళూ కథలూ రెండూ కావాలనే పిల్లను మన దగ్గర ‘ఏదో ఒకటి తేల్చుకో’ అంటాం. అక్కడ మేజర్, అంటే ముఖ్య సబ్జెక్టు, తేల్చుకోవడానికి రెండేళ్ళు టైమిస్తారు.

లోట్లు కూడా అంతే స్పష్టంగా ఉన్నాయి. చిన్న కాలేజీలో ఒక శాఖకు అధ్యాపకులు కొద్దిమందే. మూడు, నాలుగు సంవత్సరాల్లో చదవవలసిన పై స్థాయి కోర్సులు ఏడాదికి కొన్నే పెడతారు, కొన్నిటిని ఏడాది విడిచి ఏడాది పెడతారు. అందుకని అమ్మాయిని కోర్సుల కేటలాగు తెరిచి, తన సబ్జెక్టులో గత రెండేళ్ళలో నిజంగా నడిచిన పై స్థాయి కోర్సులు లెక్కపెట్టమనండి. అందులో ఎనిమిది తనకు నచ్చినవి దొరికితే నిశ్చింత. నాలుగే దొరికితే పునరాలోచించాలి. కంపెనీలు వరసకట్టి వచ్చే జాబ్ ఫెయిర్లు పెద్ద స్టేట్ యూనివర్సిటీలో ఉన్నట్టు ఇక్కడ ఉండవు. ఉద్యోగం పూర్వవిద్యార్థుల పరిచయాల మీద, ప్రొఫెసర్ల ఉత్తరాల మీద రావాలి. కాస్త చొరవ ఉన్న పిల్ల అయితేనే అది కలిసొస్తుంది. మనవాళ్ళ సందడి ఉండదు. నాష్‌విల్‌లో శ్రీ గణేశ ఆలయం ఉంది, కానీ గంటన్నర ప్రయాణం. కొండ మీద పొగమంచు రోజుల తరబడి దిగుతుంది. ఒంటరితనం ఓర్చుకోగలదా అన్నది మీకంటే వాళ్ళమ్మకు బాగా తెలుస్తుంది, ఆవిడను అడగండి.

ఇంకొకటి, మీరు బ్యాంకు మనిషి కాబట్టి వెంటనే అర్థమవుతుంది. చిన్న చర్చి కాలేజీలు ఇప్పుడు అమెరికాలో డబ్బుకు ఇబ్బంది పడుతున్నాయి. అలబామాలో మెథడిస్టుల బర్మింగ్‌హామ్ సదరన్ కాలేజీ 1856 నుంచి ఉన్నది, 2024 మే 31న మూతపడింది. వాళ్ళ బేస్‌బాల్ జట్టు ఆ రోజు జాతీయ పోటీల్లో ఆడుతూ ఉంది, మైదానంలో ఉండగానే కాలేజీ లేకుండా పోయింది. కాబట్టి ఏ చిన్న కాలేజీకైనా ముందు మూలనిధి ఎంతో చూడండి, మన భాషలో ఫిక్స్‌డ్ డిపాజిట్ అన్నమాట. సువానీకి 40 కోట్ల డాలర్లకు పైగానే ఉంది. 1,700 మందికి అది గట్టి వెన్నుదన్ను, ఆ విషయంలో నాకు దిగులు లేదు.

లోను విషయంలో మాత్రం జాగ్రత్త. విద్యారుణం ఇచ్చే సంస్థలు తమ దగ్గర యూనివర్సిటీల జాబితా పెట్టుకుంటాయి. అందులో పేరు లేకపోతే తాకట్టు లేకుండా ఇవ్వరు, వడ్డీ కూడా పెరగవచ్చు. ఇది ముందే కనుక్కోండి. స్కాలర్‌షిప్ ఉత్తరంలో రెండు వాక్యాలు వెతకండి. నాలుగేళ్ళూ వస్తుందా, ఏ గ్రేడు నిలుపుకోవాలి అన్నది ఒకటి. ఫీజు ఏటా పెరిగితే స్కాలర్‌షిప్ కూడా పెరుగుతుందా అన్నది రెండోది. చాలాసార్లు పెరగదు. అందుకని మొదటి ఏడాది లెక్కను నాలుగుతో గుణించి మోసపోకండి. చదువు తర్వాత ఏడాది ఓపీటీ, అంటే అక్కడే ఉండి తన సబ్జెక్టులో పనిచేసుకునే అనుమతి, ఎలాగూ ఉంటుంది. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) కింద గుర్తించిన మేజర్ అయితే ఇంకో 24 నెలలు పొడిగింపు వస్తుంది. ఏ మేజర్ ఆ జాబితాలో ఉందో యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసు రాసి ఇస్తుంది.

మీకు ఆ పేరు ఎవరూ చెప్పకపోవడానికి ఇంకో కారణం ఉంది. మన ఊళ్ళలో కన్సల్టెన్సీలు చాలావరకు కమిషన్ ఇచ్చే యూనివర్సిటీల పేర్లే చెబుతాయి. ఏటా నలుగురైదుగురు మనవాళ్ళు కూడా చేరని చోటు గురించి చెబితే వాళ్ళకు ఏం వస్తుంది? మనం వినలేదంటే అది మంచిది కాదని కాదు, మనకు అమ్మేవాళ్ళు లేరని.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అమ్మాయికి కంప్యూటర్ సైన్సే ఇష్టమై, నాలుగేళ్ళకు ఉద్యోగంలో కుదురుకోవడమే లక్ష్యమైతే టెక్సస్‌కే పంపండి, మేనమామ ఇల్లు దగ్గర ఉండటం చిన్న విషయం కాదు. కానీ మీ ఉత్తరంలో ఆ ఇష్టం నాకు ఎక్కడా కనబడలేదు. రాళ్ళు, కొండలు, కథలు కనబడ్డాయి. స్కాలర్‌షిప్ పోగా మిగిలే ఖర్చు మీ ఇల్లు తాకట్టు పెట్టకుండా భరించగలిగేదైతే నేను సువానీకే ఓటు వేస్తాను. ఇల్లు పెట్టవలసి వస్తే వద్దంటాను, ఎంత మంచి కొండ అయినా సరే. అప్పుడు ఆర్థిక సహాయం పెంచమని మర్యాదగా ఒక మెయిలు రాయించండి. అడగడంలో తప్పు లేదు, చిన్న చోట్ల ఆ మెయిలు ఒక మనిషి చదువుతాడు.

సీటు ఖాయం చేసుకునే డిపాజిట్ గడువు మామూలుగా మే 1. ఈలోగా అడ్మిషన్స్ వాళ్ళకు రాసి, భూగర్భశాస్త్రం ప్రొఫెసరు ఒకరితో, రెండో ఏడు చదివే అంతర్జాతీయ విద్యార్థి ఒకరితో వీడియో కాల్ పెట్టించమనండి. మనకు రాత్రి ఎనిమిదిన్నర అయితే వాళ్ళకు ఉదయం పది, అందరికీ వీలైన టైము. ప్రశ్నలు అమ్మాయినే రాసుకోమనండి. కాల్ నడుస్తున్నంత సేపూ మీరు పక్క గదిలో ఉండండి, తలుపు దగ్గరగా వేసి.